లైన్‌లో కైజెన్లు కాగితం మీదే నడుస్తున్నాయి, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది వెంకటగిరి. నాన్న మగ్గం నేసేవారు. మెకానికల్ డిప్లొమా చేసి చెన్నై వచ్చి తొమ్మిదేళ్లయింది. శ్రీపెరుంబుదూరు దగ్గర కార్లకు వైరింగ్ హార్నెస్‌లు (కరెంటు తీగల కట్టలు) తయారుచేసే ప్లాంటులో ఇన్నాళ్లూ క్వాలిటీలో ఉన్నాను. నాలుగు నెలల క్రితం పిలిచి, ఇకనుంచి అసెంబ్లీ లైన్లలో కంటిన్యువస్ ఇంప్రూవ్‌మెంట్ నేనే నడిపించాలన్నారు. మనిషికి నెలకు రెండు కైజెన్లు, అంటే పనిలో చిన్న చిన్న మెరుగుదలలు, టార్గెట్. ఆపరేటర్లు దాదాపు అందరూ ఆడపిల్లలే, తమిళం మాట్లాడేవాళ్లు, సగానికి పైగా కాంట్రాక్టు. నెలాఖరుకి లైన్ లీడర్ కూర్చుని అందరి పేర్ల మీదా తనే ఫారాలు నింపేస్తున్నాడు. ‘బిన్‌కి లేబుల్ అంటించాం’, ‘నేల మీద పసుపు గీత గీశాం’ లాంటివి. ఇరవై ఏళ్ల సర్వీసున్న సూపర్‌వైజర్ నా ముందే, ‘ఇవన్నీ జపాన్ వాళ్ల కథలమ్మా, చివరికి మాలో నలుగుర్ని తగ్గించడానికేగా’ అన్నారు. ఆయన నాకు రిపోర్ట్ చేయరు. ఎవరూ చేయరు. నా తమిళం అంతంతమాత్రం. నాణ్యత పద్ధతుల్లో పై స్థాయి సర్టిఫికెట్ అయిన సిక్స్ సిగ్మా బ్లాక్ బెల్ట్ చేస్తే నా మాటకు విలువ వస్తుందా? చేతిలో అధికారం లేకుండా నడిపించడం ఎలా నేర్చుకోవాలి?
— ఒక పాఠకురాలు, పూందమల్లి, చెన్నై

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ‘నాన్న మగ్గం నేసేవారు’ అన్నచోట ఆగాను. మీరు అడిగినదానికి సగం జవాబు ఆ ఇంట్లోనే ఉంది.

పడుగులో ఒక్క పోగు తెగితే నాన్నగారు ఏం చేసేవారో చిన్నప్పుడు చూసే ఉంటారు. చెయ్యి ఆగిపోతుంది. తెగిన పోగు వెతికి, అతికి, అప్పుడుగానీ మళ్లీ నాడె వేయరు. చూసీ చూడనట్టు ఇంకో గజం నేస్తే ఆ గజమంతా పాడు. జపాన్‌లో సకిచి టొయోడా అనే ఆయన ఈ గుణాన్నే మరమగ్గానికి నేర్పారు. 1924 నాటి ఆయన జి-టైప్ మగ్గం పోగు తెగితే తనంతట తనే ఆగిపోయేది. ఆ కుటుంబమే తర్వాత టొయోటా కార్ల కంపెనీ పెట్టింది. ఇవాళ ఫ్యాక్టరీల్లో స్టేషన్ పక్కన, తప్పు కనబడితే లాగడానికి వేలాడే ఆండాన్ తాడు, లాగగానే వెలిగే దీపం, వాటి వెనకున్న ఆలోచన మగ్గం దగ్గర పుట్టిందే. సూపర్‌వైజర్ గారు జపాన్ కథలన్నప్పుడు మీరు చిన్నబోవలసిన పనేమీ లేదు.

ఇన్నేళ్ల అనుభవంతో నాకు తోచింది చెబుతాను. ఈ పనిలో నాయకత్వమంటే, పోగు తెగిందని ఎవరైనా చెప్పినప్పుడు వాళ్ల పక్కకు వెళ్లి నిలబడి, చూసి, వాళ్లకు జవాబు తిరిగి చేర్చడం. ఈ నాలుగు నెలల్లో మీ లైన్‌లో ఎన్ని ఫారాలు వచ్చాయో మీకు తెలుసు. ఎంతమందికి జవాబు వెళ్లిందో ఒకసారి లెక్కపెట్టండి. అక్కడ సున్నా ఉన్నంతకాలం లైన్ లీడర్ ఫారాలు నింపుతూనే ఉంటాడు. నేనైతే అతన్ని తప్పుపట్టను. అడిగినది అంకె, అతనిచ్చింది అంకె.

ముందు సూపర్‌వైజర్ గారి భయం సంగతి చూద్దాం. అది తేలకుండా మిగతాదేదీ కదలదు. ఆయన అన్నది ఉత్త అనుమానమని నేననలేను, ఎందుకంటే నా చేతుల మీదుగానే అది జరిగింది. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక చిన్న ప్లాంటులో పనిచేసే రోజుల్లో, ఒక సెల్‌లో ఆపరేటర్లే చెప్పిన మార్పులతో పని ఎంతో తేలికైంది. ఆరుగురు చేసే పని నలుగురితో అయిపోతోంది. నేను సంబరంగా రిపోర్టు రాశాను. మరుసటి వారం ఇద్దరు కాంట్రాక్టు కుర్రాళ్లను రావద్దన్నారు. అందులో ఒకతను ఆ మార్పు చెప్పినవాడే. తర్వాత పదకొండు నెలలు ఆ షెడ్డులోంచి ఒక్క సూచన రాలేదు. రావాలని నేను ఏ ముఖంతో అడగను? ఆ కుర్రాడి పేరు నాకిప్పటికీ గుర్తుంది.

అందుకని మీ మొదటి పని షాపులో కాదు, ప్లాంట్ హెడ్ గదిలో ఉంది. సూటిగా అడగండి: ‘మెరుగుదల వల్ల మిగిలే మనుషుల్ని ఇంకో లైన్‌కి పంపుతాం, మానిపించం, కాంట్రాక్టు వాళ్లను కూడా’ అన్న మాట ఇస్తారా అని. ఇస్తానంటే, ఆయనే స్వయంగా వచ్చి లైన్ దగ్గర తమిళంలో ఆ మాట చెప్పేలా చూడండి. ఇవ్వలేనంటే ఆ జవాబుకీ విలువ ఉంది. అప్పుడు మనుషుల్ని తగ్గించే లెక్కలున్న ప్రాజెక్టుల జోలికి పోకండి. తప్పులు తగ్గించేవి, ఒంటినొప్పి తగ్గించేవి మాత్రమే పట్టుకోండి. ఇవ్వని మాటను ఇచ్చినట్టు మాత్రం ఎవరికీ చెప్పకండి. టొయోటాకు కూడా ఈ పాఠం తేలిగ్గా రాలేదు. 1950లో అక్కడ ఉద్యోగాల కోతలు, పెద్ద సమ్మె జరిగి, సకిచి కొడుకు కీచిరో టొయోడా అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. 1962లో యాజమాన్యం, యూనియన్ కలిసి పరస్పర నమ్మకం మీద ఉమ్మడి ప్రకటన చేసుకున్నాయి. వాళ్ల సూచనల పద్ధతి గురించి చెప్పేవాళ్లు ఈ సగం కథ తరచుగా వదిలేస్తారు.

ఆ తర్వాత ఒకే ఒక స్టేషన్ ఎంచుకోండి. లైన్లన్నీ ఒకేసారి వద్దు. ఏ స్టేషనో మీరు నిర్ణయించకండి, సూపర్‌వైజర్ గారినే అడగండి: ‘అన్నా, రోజూ మిమ్మల్ని టైముకి ఇంటికి పోనివ్వకుండా చేసేది ఏది?’ అని. ఇరవై ఏళ్లుగా ఉన్నాయన వెంటనే చెబుతారు. టేపింగ్ అనొచ్చు, టెస్ట్ బోర్డు దగ్గర పేరుకుపోయే రీవర్క్ అనొచ్చు. దాన్నే మొదట తీసుకోండి. మీ ప్రెజెంటేషన్‌కి అందంగా సరిపోయే సమస్య వేరే ఉన్నా సరే, అది ఆగనివ్వండి.

అక్కడ వారం రోజులు రోజుకి అరగంట చొప్పున నిలబడండి. పొద్దున షిఫ్టు మొదట్లో ఒక రోజు, భోజనం తర్వాత ఒక రోజు, షిఫ్టు ఆఖరి గంటలో ఒక రోజు, రెండో షిఫ్టులోనూ కనీసం ఒక రోజు. చేతిలో స్టాప్‌వాచ్ ఉండకూడదు. అడగకుండా ఫోన్‌తో వీడియో తీయకూడదు. ఎందుకు నిలబడ్డారో ముందే చెప్పండి. చూడవలసినవి మూడే: చెయ్యి ఎక్కడ ఆగుతోంది, చెయ్యి ఎక్కడ వెతుకుతోంది, నడుము ఎక్కడ వంగుతోంది.

వేర్వేరు వేళల్లో ఎందుకంటే, అది నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు ఇన్‌స్పెక్షన్ టేబుల్‌ను ప్యాకింగ్ పక్కకు జరిపించాను. మనిషికి పద్నాలుగు అడుగుల నడక తగ్గింది. సోమవారం సాయంత్రానికి టేబుల్ మళ్లీ పాత చోటే ఉంది. మొండితనమనుకుని ఫిర్యాదు చేశాను. మర్నాడు నాలుగు గంటలకు పెద్దాయన ఒకరు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కొత్త చోట నిలబెట్టారు. పడమటి షట్టర్లోంచి ఎండ నేరుగా కళ్లలో పడుతోంది. డయల్ గేజ్ మీద ముల్లు కనబడటం లేదు. మూడింటి నుంచి ఐదున్నర దాకా రోజూ అంతేనట. నేను గీసిన లేఅవుట్‌లో టేబుళ్లున్నాయి, దారులున్నాయి, ఎండ లేదు. ఆయన్ని ముందు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

అడగడం గురించి కూడా ఒక మాట. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగాలని ట్రైనింగుల్లో చెబుతారు. టొయోటాలో పుట్టిన మంచి పద్ధతే. కానీ మన దగ్గర ఒక పిల్ల ఎదురుగా నిలబడి ‘ఏన్? ఏన్?’ అని వరసగా అడిగితే అది పోలీసు విచారణలా వినిపిస్తుంది. రెండో ‘ఎందుకు’కే ‘సారీ మేడమ్, ఇక జాగ్రత్తగా చేస్తాను’ అనేస్తుంది, అక్కడితో నిజం మూసుకుపోతుంది. ‘ఎప్పడి ఆచ్చు?’ అనండి, ఎలా అయిందమ్మా అని. ‘ఏ వేళప్పుడు ఎక్కువ? ఏ మోడల్ వస్తే ఎక్కువ?’ అనండి. ఐదు ‘ఎందుకు’లూ మీరు మనసులో అడుగుకోండి. ‘ఆపరేటర్ అజాగ్రత్త’ దగ్గర మీ జవాబు ఆగిందంటే ఇంకా అడుగు తగల్లేదన్నమాట.

ఇక్కడ షిగెయో షింగో అనే జపాన్ ఇంజినీరు అనుభవం చెప్పాలి, మీ పనికి అచ్చంగా సరిపోతుంది. 1961లో ఒక చిన్న స్విచ్ తయారీలో రెండేసి స్ప్రింగులు పెట్టాలి. పనివాళ్లు అప్పుడప్పుడూ ఒకటి మరిచిపోయేవారు, వాళ్లను మందలించేవారు, మళ్లీ మరిచిపోయేవారు. ఆయన చేసిందల్లా, ప్రతి స్విచ్‌కీ ముందుగా రెండు స్ప్రింగులు తీసి చిన్న పళ్లెంలో పెట్టుకోమనడం. స్విచ్ పూర్తయ్యాక పళ్లెంలో ఒకటి మిగిలిందంటే అప్పుడే తెలిసిపోతుంది. అంతే. మీ హార్నెస్ బోర్డు దగ్గర ఒకేలా కనబడే కనెక్టర్లు తారుమారవుతుంటే, క్లిప్పు ఒకటి తప్పిపోతుంటే, ఇదే చేయొచ్చు. బోర్డుకి కావలసినవి లెక్కగా ఒక ట్రేలో పెట్టి ఇవ్వడం. రూపాయి ఖర్చు ఉండదు.

ఇలాంటి ఏర్పాట్లకు మొదట్లో జపాన్ భాషలో ‘బాకా-యోకె’ అనేవారు, అంటే తెలివితక్కువవాళ్లు తప్పు చేయకుండా అడ్డుకునేది అని. 1963లో ఒక ఫ్యాక్టరీలో ఆ మాట విని ఒక కార్మికురాలు, నేనంత తెలివితక్కువదాన్నా అని ఏడ్చిందట. షింగో ఆ పేరు మార్చి ‘పోకా-యోకె’ అన్నారు. పొరపాటును ఆపేది అని. మనం ఇవాళ వాడే పేరు వెనక ఆ అమ్మాయి కన్నీళ్లున్నాయి. మీ బోర్డుల మీద, ఫారాల్లో ఆపరేటర్ల గురించి వాడే మాటలు ఒకసారి ఈ కంటితో చదవండి.

ఇప్పుడు ఫారాలు. నెలకు రెండన్న టార్గెట్ మీద పైవాళ్లతో ఇప్పుడే తగువు పెట్టుకోకండి, గెలవరు. దాని పక్కన మీరు ఇంకో లెక్క మొదలుపెట్టండి. లైన్ చివర ఒక తెల్లబోర్డు, తమిళంలో మూడు గడులు: ఏం చెప్పారు, ఎవరు చూస్తున్నారు, ఏమైంది. చెప్పినదానికి మర్నాటి షిఫ్టులోపు ఏదో ఒక జవాబు పడాలి. ‘కుదరదు, ఎందుకంటే ఇదీ సంగతి’ అన్నా అది జవాబే. మౌనం మాత్రం కాదు. నోటితో చెప్పినా మీరే రాసుకోండి, ఫారం నింపమనకండి.

మొదట వచ్చేవి ఏమిటో నాకు తెలుసు. ఫ్యాన్ గాలి తగలడం లేదని, స్టూలు ఊగుతోందని, టేపు కొస గోటితో లాగి లాగి బొటనవేలు మండుతోందని. ఇవి కైజెన్లు కావని పక్కన పెట్టే ఇన్‌చార్జులను చాలామందిని చూశాను. వాటిలోనే ఉంది అసలు విషయం. మీ లైన్ కన్వేయర్‌దైతే ఒకటి ప్రత్యేకంగా చూడండి. స్టేషన్ వదిలి బాత్రూమ్‌కి వెళ్లాలంటే రిలీవర్ రావాలి. రిలీవర్ సమయానికి దొరకడని, అడగడానికి మొహమాటపడి, షిఫ్టంతా నీళ్లు తాగకుండా ఉండే ఆడపిల్లలుంటారు. చెన్నై ఎండాకాలంలో ఎనిమిది గంటలు! ఆఖరి రెండు గంటల్లో తప్పులు పెరుగుతున్నాయని మీ క్వాలిటీ లెక్కల్లో కనబడితే, క్రింపింగ్ హైట్ (తీగ కొసకు టెర్మినల్‌ను నొక్కి బిగించినచోటి ఎత్తు) కొలిచే ముందు ఈ మాట కనుక్కోండి. ఇది మగ సూపర్‌వైజర్‌కి వాళ్లు చెప్పరు. మీకు చెబుతారు. రిలీవర్ వంతులు సరిచేయగలిగితే, అది మీరు చేసిన మొదటి మెరుగుదల కావాలని నా కోరిక.

చేసిన మార్పు నిలబడాలంటే మరో రెండు సంగతులు. మార్పుకి ముందు రెండు వారాల తప్పుల లెక్క, తర్వాత కనీసం నాలుగు వారాలది, గ్రాఫ్ పేపర్ మీద రోజుకో చుక్క చొప్పున లైన్ దగ్గరే వేయించండి. మొదటి వారం ఫలితం చూసి మెయిల్ పెట్టేయకండి. మీరు పక్కన నిలబడ్డందుకే సగం తప్పులు తగ్గి ఉండొచ్చు. రెండోది, కొత్త పద్ధతి వర్క్ ఇన్‌స్ట్రక్షన్‌లోకి ఎక్కాలి, ఫోటోతో, తమిళంలో. మీ దగ్గర పిల్లలు మానేస్తుంటారు, పెళ్లిళ్లవుతాయి, కొత్త బ్యాచ్ వస్తుంది. కాగితంలో పాత పద్ధతే ఉంటే కొత్తమ్మాయి పాతదే నేర్చుకుంటుంది, ఆరు నెలల్లో మీ శ్రమ మాయమవుతుంది. ఇది విసుగు పుట్టించే పని, ఎవరూ మెచ్చుకోరు, అయినా చేయాలి.

రివ్యూ మీటింగులో మీరు మాట్లాడకండి. మార్పు చెప్పిన ఆపరేటర్, లేకపోతే సూపర్‌వైజర్ గారు, వాళ్ల భాషలో చెప్పాలి. మీరు పక్కన నిలబడి చార్టు పట్టుకోండి. అధికారం లేకుండా నడిపించడం ఎలా అన్నారు కదా, నేను చూసినంతలో అది ఇలాగే కుదురుతుంది. ‘ఈవిడ దగ్గరికి పని తీసుకెళ్తే పని అవుతుంది, పేరు మాకు వస్తుంది’ అని వాళ్లకు అర్థం కావాలి. మీ కష్టం ప్లాంట్ హెడ్‌కి కనబడదేమో అనే దిగులు ఉంటుంది, సహజమే. రెండు మూడు సార్లయ్యాక సూపర్‌వైజర్ గారే మీ పేరు చెబుతారు. ఆయన నోటి నుంచి వచ్చిన మాటకు ఉండే బరువు మీ స్లైడ్‌కి ఉండదు.

జపాన్ కథలన్న మాటకు ఎప్పుడైనా తీరిగ్గా టీ దగ్గర జవాబివ్వండి, వాదనగా కాదు. నాణ్యతకిచ్చే డెమింగ్ ప్రైజ్‌ను జపాన్ వాళ్లు 1951లో మొదలుపెట్టారు. అది మన దేశానికి మొదటిసారి వచ్చింది 1998లో, మన చెన్నైలోని పాడి ప్రాంతంలో ఉన్న సుందరం క్లేటన్ బ్రేకుల విభాగానికి. చేసినవాళ్లు తమిళం మాట్లాడే కార్మికులే. ఇక మన వైపు చూస్తే, జపాన్‌లో కవోరు ఇషికావా 1962లో ముందుకు నడిపించిన క్వాలిటీ సర్కిళ్లు దేశంలో మొదట మొదలైంది 1980లో, హైదరాబాద్ పక్కన రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లో. వారానికోసారి కార్మికులు కూర్చుని తమ పనిలో సమస్య తామే విప్పుకోవడం, అంతే దాని సారం. దాన్నుంచే 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా పుట్టింది. దాని చెన్నై చాప్టర్ సమావేశాలకు ఇద్దరు ఆపరేటర్లను, సూపర్‌వైజర్ గారినీ తీసుకెళ్లండి. వేరే ప్లాంటు కార్మికురాలు మైకు పట్టుకుని తన సమస్య చెప్పడం వాళ్లు కళ్లారా చూడాలి. మీరు పది ట్రైనింగులు పెట్టినా అది రాదు.

బ్లాక్ బెల్ట్ సంగతి. సిక్స్ సిగ్మా 1980లలో మోటరోలాలో రూపుదిద్దుకున్న గట్టి పద్ధతి, గణాంకాల బలం ఉంది. నేర్చుకోండి, కానీ ఇప్పుడు కాదు. మీ లైన్‌లో ఈరోజున్న చిక్కులకు తప్పులు లెక్కపెట్టే చెక్ షీట్, ఏ తప్పులు ఎక్కువో చూపే పారెటో చార్టు, కారణాలు విడదీసి చూపే చేపముల్లు బొమ్మ, రోజువారీ గ్రాఫ్ చాలు. అవి మీకు క్వాలిటీలో ఉన్నప్పుడే వచ్చు. క్రింపింగ్‌లో టెర్మినల్ పుల్ టెస్ట్ (బిగింపు ఎంత లాగుడికి తట్టుకుంటుందో చూసే పరీక్ష) విలువలు అటూ ఇటూ ఊగుతూ, నాలుగైదు కారణాలు కలగలిసి ఏది ఏదో తేలని రోజు వస్తుంది. అప్పుడు చేరండి, ఆ సమస్యనే ప్రాజెక్టుగా పట్టుకెళ్లండి. వీలైతే ఫీజు కంపెనీ చేత కట్టించండి. మాటకు విలువ కోసమే అయితే మాత్రం డబ్బు దండగ. సర్టిఫికెట్ చూసి సూపర్‌వైజర్ గారు నమ్మరు.

తమిళం అంతంతమాత్రమని బాధపడుతున్నారు. నాకది లాభంగానే కనిపిస్తోంది. మాట రానివాళ్లకు ఎదుటివాళ్లు చేతులతో చేసి చూపిస్తారు, మీరు చూడవలసింది అదే. వాళ్లు వాడే మాటలు చిన్న నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి, మర్నాడు అవే మాటలతో మాట్లాడండి. ఒక జాగ్రత్త: తిరువళ్లూరు, శ్రీపెరుంబుదూరు వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. లైన్‌లో అలాంటి ఒకరిద్దరు దొరికితే ప్రాణం లేచొస్తుంది. ఊరి మాటలు మాట్లాడుకోండి, కానీ పని సంగతులు వాళ్లతోనే తెలుగులో తేల్చేసే అలవాటు చేసుకోకండి. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థంకాని భాషలో వాళ్ల పని గురించి నిర్ణయాలు జరిగితే, మళ్లీ నలుగుర్ని తగ్గిస్తున్నారనే అనుకుంటారు.

ప్లాంట్ హెడ్‌ని ఈ వారమే కలవండి. మూడు నెలల తర్వాత మళ్లీ రాయండి. ఆయన ఏమన్నారో, సూపర్‌వైజర్ గారు ఏ స్టేషన్ చూపించారో, బోర్డు మీద మొదట ఎవరు ఏం చెప్పారో రాయండి. కుదరదని చెప్పాల్సి వచ్చినవి కూడా రాయండి.